చివరి కారును చూసి సీజన్ వేయండి

బండి ముచ్చట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

జడ్చర్లలో ముప్పై ఏళ్లు గ్యారేజీ నడిపినవాణ్ని. 1980ల్లో హైదరాబాద్ రేసర్ ఒకాయన వెంట స్పానర్ల పెట్టె మోసుకుంటూ మద్రాసు దగ్గరి షోలవరం వెళ్లేవాణ్ని. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద అక్కడ పోటీలు జరిగేవి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ట్రాక్ వచ్చాక అక్కడ కార్ల తనిఖీలో చాలా ఏళ్లు సాయం చేశాను. ఈ నెల ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ, మన దగ్గర జరిగే కార్ల రేసుల చుట్టూ తిరిగాయి, అందుకే కలిపి జవాబిస్తున్నాను.

ప్రశ్న: పెద్దన్నా, నమస్తే. నకిరేకల్ వైపు ఒక చెల్క కౌలుకు తీసుకుని మట్టి ట్రాక్ వేసుకున్నాం. కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, ఒక చుట్టు దాదాపు 600 మీటర్లు. అందరివీ పాత మారుతి 800లే. పోయిన సీజన్‌లో అయిదు రౌండ్లు పెట్టాం. మొదటి రౌండ్‌కు 19 కార్లు వచ్చాయి, చివరి రౌండ్‌కు 8 వచ్చాయి. ఎంట్రీ ఫీజు 3,000. గెలిచినవాళ్లకు 25,000, రెండో స్థానానికి 10,000 ఇచ్చాం. మూడు హీట్లు, అంటే ఫైనల్‌కు ముందు వడపోత రేసులు పెట్టి, ఒక్కో హీట్‌లో ముందు వచ్చిన ముగ్గుర్ని ఫైనల్‌కు తీసుకున్నాం. పాయింట్లు ఫార్ములా వన్ లెక్క ప్రకారం వేశాం. ఈసారి ఒక పెద్ద దాతను పట్టుకుని, ఏడు రౌండ్లు పెట్టి, ప్రైజు లక్ష చేస్తే కార్లు పెరుగుతాయని కమిటీలో సగం మంది అంటున్నారు. కార్యదర్శిగా సీజన్ ప్లాన్ నేనే రాయాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?
– క్లబ్ కార్యదర్శి, నల్లగొండ జిల్లా

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రతిసారీ 19, 8 అనే రెండు అంకెల దగ్గరే ఆగిపోయాను. క్యాలెండర్, ప్రైజు, దాత సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 11 మంది పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరి ఊరికి వెళ్లండి. ఫోన్ చేస్తే 'ఈసారి వస్తాంలే అన్నా' అనేస్తారు. ఇంటికి వెళితే కారు ఎక్కడుందో, ఎట్లా ఉందో కంటికి కనిపిస్తుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా వైపు కూడా కొందరం కలిసి పాత జీపులు, కార్లతో రెండు సీజన్లు పోటీలు పెట్టాం. రెండో సీజన్ సగంలో ఆగిపోయింది. ప్రైజు చాలక ఆగిందని అందరం అనుకున్నాం. ఆ వేసవిలో ఏదో పని మీద దేవరకద్ర వైపు పోతూ, మా పోటీల్లో ఎప్పుడూ వెనక వచ్చే ఒక పిల్లవాడి ఇంటికి వెళ్లాను. కారు పశువుల కొట్టంలో ఉంది. ముందు చక్రాలు రెండూ లేవు, ఇటుకల మీద నిలబెట్టాడు. బ్యాటరీ ట్రాక్టర్‌కు వేసుకున్నాడు. సీటులో కోడి గుడ్లు పెట్టింది. కానీ తలుపు మీద నంబరు మాత్రం తుడిచి శుభ్రంగా ఉంచుకున్నాడు. 'ఎందుకు మానేశావురా' అని అడిగితే, 'అన్నా, నేను గెలవనని నాకు తెలుసు. పొద్దున పదకొండుకే ఇంటికి పంపించేదానికి నెలకు ఆరు వేలు ఖర్చని ఇంట్లో ఏమని చెప్పాలె?' అన్నాడు.

ఆ మాట తర్వాత నాకు సీజన్ అంటే అర్థం మారిపోయింది. గెలిచేవాడు ఎట్లాగైనా వస్తాడు. అతనికి ప్రైజు ఉంది, పేరుంది, ఊళ్లో ఫ్లెక్సీ ఉంది. మీ క్లబ్ నిలబడేది పదో స్థానం నుంచి పంతొమ్మిదో స్థానం దాకా వచ్చేవాళ్ల మీద. వాళ్లు రాకపోతే గెలిచినవాడికి గెలవడానికి మనుషులే ఉండరు. ప్లాన్‌లో ప్రతి లైను రాసేటప్పుడు 'చివరి కారు అతను దీనికి వస్తాడా' అని అడగండి.

మీ పాయింట్ల లెక్క దానితో చూడండి. ఫార్ములా వన్‌లో 2010 నుంచి గెలిస్తే 25, ఆరో స్థానానికి 8, పదో స్థానానికి 1, ఆ తర్వాత సున్నా. 19 కార్లలో కనీసం 9 మందికి మొదటి రోజే సున్నా పడింది. ఆరో స్థానం అంటే చెడ్డ డ్రైవర్ కాదు. అయినా మొదటి మూడు రౌండ్లూ ఒకరే గెలిస్తే అతనికి 75, మూడుసార్లూ ఆరో స్థానంలో వచ్చినతనికి 24. తేడా 51. మిగిలిన రెండు రౌండ్లూ గెలిచినా వచ్చేది 50. అంటే మూడో రౌండ్ సాయంత్రానికే అతని సీజన్ అయిపోయింది. ఇక నాలుగో రౌండ్‌కు లారీ మాట్లాడుకుని కారు ఎందుకు ఎక్కిస్తాడు?

నా మాట వింటే ఇట్లా వేయండి: మొదటి స్థానం 30, రెండు 28, మూడు 26, నాలుగు 25, అక్కడి నుంచి ఒక్కో స్థానానికి ఒక్కోటి తగ్గిస్తూ పోతే పంతొమ్మిదో కారుకు 10 వస్తాయి. జెండా ఊపినప్పుడు ట్రాక్ మీద ఉన్న ప్రతి కారుకూ పాయింట్లు ఉంటాయి. అన్ని రౌండ్లలో తక్కువ వచ్చిన ఒకదాన్ని తీసేయండి. చెల్లెలి పెళ్లికో, ఇంజన్ పోయో ఒకసారి రానివాడు సీజన్ మొత్తం పోగొట్టుకోడు.

హీట్లలో ముందు వచ్చిన ముగ్గుర్నే ఫైనల్‌కు తీసుకోవడం ఇంకా పెద్ద తప్పు. 19 మందిలో 10 మందిని మధ్యాహ్న భోజనానికి ముందే ఇంటికి పంపారు. ఈ చిన్న ట్రాక్‌ల ఆట అమెరికాలో పల్లెపల్లెనా ఉంది. మైలు లోపు చుట్టు ఉన్న ట్రాక్‌ను అక్కడ షార్ట్ ట్రాక్ అంటారు. వర్జీనియాలోని మార్టిన్స్‌విల్ ట్రాక్ 1947లో మట్టితోనే మొదలైంది, చుట్టు 0.526 మైలు, మన లెక్కలో దాదాపు 850 మీటర్లు. బౌమన్ గ్రే స్టేడియంలో ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పావు మైలు ట్రాక్ ఉంది. వారమంతా గ్యారేజీలోనో పొలంలోనో పనిచేసి శనివారం రాత్రి రేసుకు వచ్చేవాళ్లతో ఇట్లాంటి ట్రాక్‌లు నడుస్తాయి. హీట్లు, ఆ తర్వాత చిన్న ఫైనల్, పెద్ద ఫైనల్ అని విడదీసి నడిపే పద్ధతి అక్కడ ఎప్పటి నుంచో ఉంది. మీరు కూడా ప్రతి డ్రైవర్‌కు రెండు హీట్లు, ఒక ఫైనల్ వచ్చేటట్టు చూడండి. వేగంగా ఉన్న పది కార్లు ఒక ఫైనల్, మిగిలిన తొమ్మిది మరో ఫైనల్. ఫీజు కట్టి వచ్చినవాడు కనీసం మూడుసార్లు ట్రాక్ ఎక్కి, దుమ్ము కొట్టుకుని ఇంటికి పోవాలి.

ఇంగ్లండులో స్టాక్ కార్ల పోటీలు, అంటే మామూలు కార్లను మార్చి నడిపే రేసులు, 1954లో లండన్‌లోని న్యూ క్రాస్ స్టేడియంలో మొదలయ్యాయి. వాళ్ల పద్ధతి నాకు చాలా ఇష్టం. కారు పైకప్పు రంగును బట్టి డ్రైవర్ స్థాయి తెలుస్తుంది. తెలుపు కింది స్థాయి, ఆ పైన పసుపు, నీలం, ఎరుపు. రేసు మొదలయ్యేటప్పుడు తెల్ల కప్పులు ముందు, ఎర్ర కప్పులు వెనక. గొప్ప డ్రైవర్ గొప్పతనం దాటుకుంటూ వచ్చినప్పుడే తెలుస్తుంది, చూసే జనానికీ అదే పండుగ. ఇది మనకేమీ కొత్త కాదు. మేళ్లచెరువు శివరాత్రి జాతరలో బండలాగుడు చూసినవాళ్లకు తెలుసు, పాలపళ్ల కోడెలకు ఆరు పళ్ల ఎడ్లతో పోటీ పెట్టరు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు వేరు. పెద్దలు ఎడ్లకు ఇచ్చిన న్యాయం మీ డ్రైవర్లకు ఇవ్వండి. నాలుగు డబ్బాల పెయింటుతో పని అయిపోతుంది. జీవితంలో మొదటిసారి రేసుకు వచ్చినవాణ్ని మాత్రం ఆ రోజుకు అందరికన్నా వెనక నిలపండి, వెనక బంపర్ మీద పసుపు పట్టీ వేయండి. పక్కవాళ్లు కాస్త చూసి నడుపుతారు.

ప్రైజు సంగతి. మీరు ఇచ్చిన 35,000 చాలు, పంచిన తీరు బాగా లేదు. మొదటి స్థానానికి 8,000, రెండోదానికి 6,000, మూడోదానికి 5,000 ఇవ్వండి. 19,000 అయింది. మిగిలిన 16,000 మిగతా 16 కార్లకు తలా వెయ్యి. కవరు మీద పేరు రాసి, మైకులో పిలిచి ఇవ్వండి. వెయ్యి రూపాయలు పెద్ద డబ్బు కాదు, కానీ ఇంటికి వెళ్లాక టేబుల్ మీద పెట్టడానికి అతని దగ్గర ఒక కవరు ఉంటుంది. లక్ష ప్రైజు పెడితే ఏమవుతుందో కూడా చెబుతాను. డబ్బున్నవాడు లక్ష గెలవడానికి ఇంజన్‌కు లక్షన్నర పెడతాడు. మీ 8 కార్లు 4 అవుతాయి.

ఇంజన్ల విషయంలో అమెరికా మట్టి ట్రాక్‌ల నుంచి ఒక నియమం తెచ్చుకోండి. కొన్ని తరగతుల్లో, గెలిచినవాడి ఇంజన్‌ను ముందే రాసిపెట్టిన ధరకు ఓడినవాడు కొనుక్కోవచ్చు. గెలిచినవాడు కాదనకూడదు. మీరు 30,000 అని రాసుకున్నారనుకోండి, అందులో లక్ష పోయడానికి ఎవరికీ మనసొప్పదు. తనిఖీ చేసే మా లాంటివాళ్లు పట్టుకోలేని మోసాన్ని కూడా ఆ ఒక్క లైను పట్టుకుంటుంది. టైర్లు అందరికీ 145/70 ఆర్12 రోడ్డు టైర్లే అనండి, సీజన్‌కు ఆరు మించకుండా పక్క గోడ మీద గుర్తు వేయండి. మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగింది, కాబట్టి విడిభాగాలు ఇప్పుడే ఒకచోట కొని పెట్టి, కొన్న ధరకే ఇచ్చే ఒక అల్మారా క్లబ్‌లో ఉండాలి. రౌండ్‌కు ముందురోజు రాత్రి కార్బురేటర్ గాస్కెట్ కోసం సూర్యాపేట, మిర్యాలగూడ తిరిగి దొరక్క మానేసినవాళ్లు మీ 11 మందిలో ఇద్దరన్నా ఉంటారు. ఇక, సీజన్ మొదలయ్యాక నియమాలు మార్చకండి. మధ్యలో మారిస్తే మళ్లీ ఖర్చుపెట్టలేనివాడే ఆగిపోతాడు.

ఇప్పుడు తేదీలు. నాలుగు రౌండ్లు వేయండి, అయిదో తేదీ ఒకటి ఖాళీగా ఉంచండి. జూన్ నుంచి అక్టోబర్ సగం దాకా వాన. ఆ తర్వాత వానాకాలం వరి కోతలు. అప్పుడు ట్రాక్టర్ దొరకదు, మనిషి దొరకడు, రోడ్డు మీద సగం దూరం వడ్లు ఆరబోసి ఉంటాయి. మీ డ్రైవర్లలో సగం మంది వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల దగ్గర బస్తాలకు కాపలా పడుకుని ఉంటారు. నవంబర్ చివర వడ్ల డబ్బులు చేతికి వచ్చాక, డిసెంబర్ రెండో ఆదివారం మొదటి రౌండ్ పెట్టండి. జనవరి మొదటి ఆదివారం రెండోది. సంక్రాంతి వారం ఊళ్లన్నీ నిండుగా ఉంటాయి, జనం వస్తారని ఆశ పుడుతుంది. వద్దు. ఆ వారం విజయవాడ హైవే మీద పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర కార్లు ఎట్లా ఆగుతాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఎవరికైనా దెబ్బ తగిలి హైదరాబాద్ తీసుకుపోవాల్సి వస్తే ఆ వరుసలో అంబులెన్స్ నిలబడిపోతుంది.

జనవరి 26 దగ్గర పోలీసులు పరేడ్ పనిలో ఉంటారు, అందుకని మూడో రౌండ్ ఫిబ్రవరి మొదటి ఆదివారం. నాలుగోది ఆ నెల మూడో వారంలో, ఇంటర్ పరీక్షల కన్నా ముందే. మీ జెండా పట్టే పిల్లల్లో సగం మంది కాలేజీవాళ్లే కదా. పెద్దగట్టు లింగమంతుల జాతర రెండేళ్లకోసారి మాఘంలో వస్తుంది, ఆ రోజుల్లో దురాజ్‌పల్లి దగ్గర హైవే బండ్లను మళ్లిస్తారు. ఆ జాతర ఉన్న సంవత్సరం మీ రేసు తేదీలను దాని ప్రకారం ముందుకో వెనక్కో జరపండి. శివరాత్రి మర్నాడు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో రేసు పెట్టకండి, జాగారం చేసిన కళ్లతో హెల్మెట్ పెట్టుకోకూడదు. మార్చి వచ్చిందంటే మధ్యాహ్నం రేకుల కారు లోపల మనిషి ఉడికిపోతాడు. ఖాళీ తేదీని అందరూ చివర పెడతారు, మీరు జనవరి మూడో, నాలుగో ఆదివారాల్లో సంక్రాంతి రద్దీకీ, 26కూ తగలని ఒకదాన్ని పెట్టుకోండి. మీ రేసు నెలల్లో తుపాను వాన పడితే ఎక్కువగా డిసెంబర్‌లోనే పడుతుంది. పోయిన రౌండ్ అక్కడ సర్దుకుంటుంది, ఫైనల్ ఎండల్లోకి జరగదు. నాలుగు తేదీలూ దసరాకు ముందే అచ్చు వేసి ఇవ్వండి, డ్రైవర్ తన ఇంటి క్యాలెండర్ మీద గీసుకోవాలి.

దాత గురించి ఒక్క మాట. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగినప్పుడు నేనూ వెళ్లాను. మన ఊళ్లో అట్లాంటి కార్లు చూస్తానని అనుకోలేదు, కళ్లు చెమర్చాయి. 2024లో జరగాల్సిన రెండోది రద్దయింది. అంత పెద్దదే ఒక ఒప్పందం పోతే ఆగిపోయింది. మీరు ఒక పెద్ద చేతిని పట్టుకోవడం కన్నా టైర్ల షాపు, ధర్మకాంటా, బత్తాయి మండీ, సిమెంటు డీలర్ అని ఇరవై మంది దగ్గర తలా కొంత తీసుకోండి. ఒక్కరు మానేస్తే ఒక్క బోర్డు తగ్గుతుంది, అంతే.

పోటీకి అనుమతి, డ్రైవర్లకు లైసెన్సు గురించి మన దేశంలో మోటారు క్రీడలను చూసే ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియాకు రాయండి. కార్యాలయం చెన్నైలో ఉంటుంది. ఇంకా పంచాయతీ తీర్మానం, పోలీసు అనుమతి కావాలి. ఇవన్నీ ఆగస్టులోనే మొదలుపెట్టండి.

ప్రశ్న: అయ్యా, నాది మునుగోడు వైపు. నాలుగెకరాల పత్తి. మా చేను పక్కన కార్ల పందెం ట్రాక్ వేశారు. పోయిన ఏడు పత్తి పగిలిన సమయానికి దుమ్మంతా వచ్చి పడింది, మిల్లులో ధర తగ్గించారు. పిల్లల ఆట చెడగొట్టాలని నాకు లేదు. కానీ నా నష్టం ఎవరు చూడాలి?
– ఒక రైతు

జవాబు: అన్నా, మీరు అడిగింది న్యాయం. అది క్లబ్‌వాళ్లే చూడాలి. ఈ జవాబు కోసి వాళ్లకు ఇవ్వండి.

మన దగ్గర చలికాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. దుమ్ము నైరుతి వైపు పోతుంది. మీ చేను ట్రాక్‌కు నైరుతి వైపున ఉంటే మీ పత్తి మీదే పడుతుంది. ట్రాక్ జాగా ఎంచుకునేటప్పుడే నైరుతిన బీడో, గుట్టో, చెరువు శిఖమో ఉండేట్టు చూసుకోవాలి, జనాన్ని ఈశాన్యం వైపు నిలబెట్టాలి. ఇప్పటికే వేసేశారు కాబట్టి నీళ్లే మందు.

లెక్క చెబుతాను. 600 మీటర్ల చుట్టు, 10 మీటర్ల వెడల్పు అంటే 6,000 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరుకు ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు వాన పడినట్టు. ఎర్ర చెల్కకు రెండు మిల్లీమీటర్లు కావాలి, అంటే 12,000 లీటర్లు. 4,000 లీటర్ల ట్రాక్టర్ ట్యాంకర్లు మూడు. ఇదంతా పొద్దున ఒకేసారి కుమ్మరిస్తే పైన బురద, కింద పొడి. నేను చూసిన మంచి ట్రాక్‌లలో ముందురోజు పొద్దు గుంకాక రెండు ట్యాంకర్లు సన్నగా చల్లి, రాత్రంతా ఇంకనిచ్చి, తెల్లారి మంచు తడి ఉండగానే రోలర్ తిప్పి, మూడో ట్యాంకర్‌ను హీట్ల మధ్య కొంచెం కొంచెం చల్లేవాళ్లు. మట్టి పిడికిట్లో పట్టుకుంటే ముద్ద కావాలి, వేలితో నొక్కితే విరగాలి. చేతికి అంటుకుందా, నీళ్లు ఎక్కువైనట్టు. పొడిగా రాలిందా, ఇంకో ట్యాంకర్ పిలవాలి. తడి సరిగ్గా ఉన్న మట్టి దుమ్ము లేపదు, డ్రైవర్‌కు ముందు కారు కనిపిస్తుంది, చివర నడిపేవాడి ఎయిర్ ఫిల్టర్ కూడా బతుకుతుంది. అందరి దుమ్మూ మింగేది అతనే కదా.

క్లబ్‌తో ఒక కాగితం రాయించుకోండి. మీ పత్తి మొదటి తీత అయ్యేదాకా రేసు ఉండకూడదు, ట్యాంకర్ రాకపోతే హీటు మొదలు కాకూడదు. మీ చేను గట్టు మీద షేడ్‌నెట్ ఎత్తుగా కట్టమనండి. రౌండ్ రోజు మిమ్మల్ని ట్యాంకర్ దగ్గర నిలబెట్టి, మీరు సరే అన్నాకే జెండా ఊపితే ఇంకా మంచిది. మట్టి చూడటం మీకు వాళ్లకన్నా బాగా తెలుసు.

ప్రశ్న: అన్నయ్యా, మా తమ్ముడు ఈ సీజన్‌లో కారు నడుపుతానంటున్నాడు. అమ్మ ఏడుస్తోంది. నాన్న లేరు, ఇంటికి పెద్ద నేనే. వద్దంటే వినేట్టు లేడు. సరే అనేముందు నేను ఏం చూడాలి?
– వనపర్తి నుంచి ఒక అక్క

జవాబు: చెల్లెమ్మా, మంచి ప్రశ్న అడిగారు. ట్రాక్ దగ్గరికి మీరే వెళ్లండి. కారు పక్కన నిలబడి సీటు బెల్టు కింద చేయి పెట్టి, బోల్టు ఎక్కడ బిగించారో తడమండి.

ఒకసారి తనిఖీలో నా ముందుకు ఒక కారు వచ్చింది. పైకి మెరిసిపోతోంది, కొత్త పెయింటు, కొత్త బెల్టు. బెల్టు పట్టుకుని రెండు చేతులతో గుంజాను. బోల్టు, వాషర్, దాని చుట్టూ అరచేతి అంత రేకు మొత్తం ఊడి నా చేతికి వచ్చాయి. కింద ఫ్లోర్ తుప్పు పట్టి పాపడంలా ఉంది, దాని మీద నల్లరంగు కొట్టారు. వెనక పట్టీ వేయలేదు. ఆ డ్రైవర్ నాతో గంటసేపు గొడవపడ్డాడు, నేను నంబరు ఇవ్వలేదు. ఇప్పటికీ ఆ రేకు ముక్క నా షెడ్డులో మేకుకు వేలాడుతుంది. కొత్తగా తనిఖీ నేర్చుకునేవాళ్ల చేతిలో ముందు అదే పెడతాను. బోల్టు కింద మందపాటి ఇనుప పట్టీ ఉండాలి, అది మంచి రేకుకు వెల్డింగ్ అయి ఉండాలి.

లోపల రోల్ కేజ్, అంటే డ్రైవర్ చుట్టూ ఉండే ఉక్కు గొట్టాల చట్రం చూడండి. కారు పల్టీ కొడితే తలను కాపాడేది అదే. అంతర్జాతీయ నియమాల్లో డ్రైవర్ వెనక ఉండే ప్రధాన కమానుకు 45 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉన్న అతుకు లేని ఉక్కు గొట్టం ఒక కొలత. నీళ్ల పైపులు, గేట్ల పైపులు వంచి పెట్టినది కేజ్ కాదు. ఆ తర్వాత పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ కట్టిన తీరు, బయటి నుంచి కరెంటు ఆపే స్విచ్, చేతికి అందేట్టు మంట ఆర్పే సిలిండర్ చూడండి.

ఇక నిర్వాహకులను రెండు ప్రశ్నలు అడగండి. అంబులెన్స్ ఎన్ని? 108 వస్తుందిలే అంటే తమ్ముణ్ని వెనక్కి తీసుకురండి. 108 ఊరందరిది, ఆ సమయంలో ఎక్కడ ప్రసవం ఉందో ఎవరికి తెలుసు. క్లబ్ తన డబ్బుతో అంబులెన్స్ పెట్టుకోవాలి, అది ఒకర్ని తీసుకుని గేటు దాటిందంటే తిరిగి వచ్చేదాకా రేసు ఆగాలి. రెండోది, జనం ఎక్కడ నిలబడతారు? 1955 జూన్ 11న ఫ్రాన్స్‌లోని లె మాన్స్ రేసులో ఒక కారు ప్రేక్షకుల మీదికి ఎగిరిపడి 80 మందికి పైగా చనిపోయారు. అప్పటి నుంచి మోటారు రేసుల్లో జనాన్ని ట్రాక్‌కు దూరంగా ఉంచడం మీద పట్టింపు పెరిగింది. మలుపు బయటి వైపు తాడు కట్టి జనాన్ని నిలబెట్టే ట్రాక్ అయితే అక్కడ డ్రైవర్‌కు కూడా భద్రత ఉండదు. జనం లోపలికి ఉరికితే తప్పించబోయి గోడకు కొట్టేది మీ తమ్ముడే.

ఇవన్నీ సరిగ్గా ఉంటే, అమ్మను కూడా ఒకసారి తీసుకెళ్లి ఆ బెల్టు ఆమె చేత గుంజించండి.

ప్రశ్న: సార్, మేం పాలమూరు డిగ్రీ కాలేజీ స్టూడెంట్లం. ట్రాక్‌కు అంత డబ్బు లేదు. రాత్రి పన్నెండు తర్వాత బైపాస్ ఖాళీగా ఉంటుంది. అక్కడ ప్రాక్టీస్ చేస్తే తప్పేంటి?
– నలుగురు స్నేహితులు

జవాబు: తప్పే, నాన్నా. మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ కింద అనుమతి లేకుండా రోడ్డు మీద రేసు పెడితే మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. మామూలు బండి ఇన్సూరెన్సు రేసింగ్‌కు వర్తించదని పాలసీలోనే రాసి ఉంటుంది. ఖాళీ అన్నారు కానీ, రాత్రి పన్నెండుకు ఆ రోడ్డు మీద లైట్లు లేని ట్రాక్టర్ ఉంటుంది, సగం దారిలో ఆగిన లారీ ఉంటుంది, ముంబై బస్సు దిగి మూటలతో ఊరికి నడిచిపోయే వలస కుటుంబం ఉంటుంది. పాలమూరు పిల్లలు మీరు, వాళ్లు ఎవరో మీకు తెలుసు.

డబ్బు లేకుండా ట్రాక్ ఎక్కే దారి ఒకటుంది. పై ఉత్తరం రాసిన కార్యదర్శి లాంటివాళ్లకు ప్రతి మలుపు దగ్గరా ఇద్దరు జెండా మనుషులు కావాలి. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం ఉంది, దాటకూడదు. ఎరుపు అంటే రేసు ఆపాలి. నీలం అంటే వెనక వేగంగా వచ్చే కారుకు దారి ఇవ్వాలి. నల్లది నంబరుతో చూపితే ఆ కారు పక్కకు రావాలి. ఒక సీజన్ మలుపు దగ్గర నిలబడితే ఎవరు ఎక్కడ బ్రేక్ కొడుతున్నారో, ఏ కారు ఎందుకు జారుతోందో మీకు డ్రైవర్లకన్నా ఎక్కువ తెలుస్తుంది. మా దగ్గర జెండా పట్టిన ఇద్దరు పిల్లలు మరుసటి ఏడు, ఎవరో మానేసి కొట్టంలో పడేసిన కారును నలుగురు కలిసి కొనుక్కుని వంతులవారీగా నడిపారు. మీరూ నలుగురున్నారు. డిసెంబర్ మొదటి రౌండ్‌కు పొద్దున ఏడింటికల్లా ట్రాక్ దగ్గర ఉండండి. బూట్లు వేసుకుని రండి, చెప్పులతో లోపలికి రానివ్వరు.